హమాసుగి సముద్రంలో సూర్యాస్తమయం

మా ఎడో పట్నంలో రంగుల అచ్చుబొమ్మలు కొనేవాళ్లకి గీసినవాడి పేరు తెలుస్తుంది, అమ్మినవాడి పేరు తెలుస్తుంది. అచ్చు వేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఇది ఘోరమైన అన్యాయమని ముప్పై ఏళ్లుగా, వినేవాడు దొరికితే చాలు, చెబుతూ వచ్చాను. నా పేరు కిసబురో. రంగు పూసిన చెక్క మీద తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో రుద్దడం నా పని. ఆకాశం పైన ముదురుగా మొదలై కిందికొచ్చేసరికి కనీకనబడకుండా కరిగిపోవాలంటే చేతిలో పనితనం ఉండాలి. నాకుందని నేను అనుకునేవాణ్ణి. మా ఆవిడ నోయె కూడా పెళ్లైన కొత్తలో అనుకునేది.

ఆ ఏడు చిత్రకారుడు రిన్సెకి తూర్పు తీరపు ఊళ్లని వరసగా గీశాడు. అందులో హమాసుగి ఒకటి. సముద్రం, ఒడ్డుకొస్తున్న చేపల పడవలు, అంతే. ఆకాశం దగ్గర "లేత బూడిద, అడుగున కొద్దిగా పసుపు" అని రాసి పంపాడు. చూడగానే నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇదేం రంగండీ, జ్వరం పడి లేచినవాడి మొహంలా!" అన్నాను కొట్టు యజమానితో. "పడవలు ఇంటికొస్తున్నాయంటే సాయంత్రమే కదా? అడుగున సింధూరం పట్టిస్తాను. చిన్న చెక్క ఒకటి చెక్కిస్తే సగం మునిగిన సూర్యుణ్ణి కూడా పెట్టేద్దాం."

"రిన్సెకి గారు ఒప్పుకుంటారా?"

"ఆయన కొండల్లో తిరుగుతున్నాడు. వచ్చేసరికి వెయ్యి బొమ్మలు అమ్ముడైపోతే ఇంకేమంటాడు?"

అలాగే అయింది. జనం ఎగబడి కొన్నారు. రిన్సెకి తిరిగొచ్చి ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "బాగుంది" అని మాత్రం అని వెళ్లిపోయాడు. నోట మాట రానంతగా నచ్చిందని నేను పొంగిపోయాను.

రెండేళ్ల తర్వాత నోయెతో కలిసి తీర్థయాత్రకి బయల్దేరాను. అప్పటిదాకా నేను ఎడో పొలిమేర దాటలేదు. వంద ఊళ్ల ఆకాశాలకి రంగు వేసినవాణ్ణి, ఒక్క ఊరి ఆకాశమూ చూడలేదన్నమాట.

"మీ హమాసుగి దారిలోనే ఉందిగా, చూసి పోదాం," అంది నోయె.

సాయంత్రానికి అక్కడి సత్రం చేరాం. అది మసూ అనే విధవరాలిది. వసారాలో ఆరేడుగురు ఎడో పట్నవాసులు సాకే తాగుతూ, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. ఎండ వాళ్ల వీపుల మీద పడుతోంది.

"ఇంకా మునగడేంటమ్మా సూర్యుడు?" అని అడిగాడొకాయన.

"ఇక్కడ మునగడు బాబూ. మా వంటింటి వెనక ముల్లంగి చేలో దిగుతాడు."

"మరి బొమ్మలో?"

"బొమ్మ వేసినవాణ్ణి అడగండి!"

మాకు కాల్చిన చేపలు పెడుతూ మసూ తన గోడు చెప్పుకుంది. "రెండేళ్లుగా ఇదే గోల. మొన్నొకాయన, సూర్యుణ్ణి నేనే ఎక్కడో దాచేసినట్టు నా మీద కేకలేశాడు. ఆ ఎర్ర రంగు పూసిన సన్నాసి ఒక్కసారి దొరకాలి నాకు."

నేను తల గిన్నెలో పెట్టేశాను. నోయె భుజాలు ఊగుతున్నాయి.

"దొరికితే ఏం చేస్తారండీ?" అంది అమాయకంగా.

"ముల్లంగి చేలో పాతేస్తాను."

"అయితే తీసుకెళ్లండి. మా ఆయనే."

మసూ నన్ను ఎగాదిగా చూసింది. "రిన్సెకి గారు మూడుసార్లు వచ్చి ఇక్కడే దిగారు. తెల్లారుజామునే మెట్ల మీద కూర్చుని గీసుకునేవారు. మా మగవాళ్లు రాత్రి వేటకెళ్లి పొద్దున్నే కదయ్యా వచ్చేది! నువ్వెప్పుడైనా పడవ మొహం చూశావా?"

"నదిలో చూశానమ్మా," అన్నాను.

మర్నాడు తెలవారకముందే మసూ నన్ను లేపి ఒడ్డుకి లాక్కెళ్లింది. ఆకాశం లేత బూడిద రంగులో ఉంది. అడుగున కొద్దిగా పసుపు. కానీ ఆ పసుపు ఒకచోట ఆగలేదు, బూడిద కింద ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతోంది. పడవలు నల్లగా, చప్పుడు లేకుండా వస్తున్నాయి. రిన్సెకి చూసినదంతా ఐదు మాటల్లో రాసి పంపితే, నేను దాన్ని జ్వరం అన్నాను.

"దిష్టిబొమ్మలా నిలబడతావేం, పడవ తాడు పట్టు!" అని అరిచింది మసూ. పట్టాను. పనితనమున్న నా అరచేతులు రెండింటికీ చర్మం లేచిపోయింది.

ఎడో చేరగానే రిన్సెకి ఇంటికెళ్లి కాళ్ల మీద పడ్డాను.

"మరి బాగుందని ఎందుకన్నారండీ?"

"నువ్వు గుమ్మంలో అంత సంబరంగా నిలబడ్డావు. నాకు నోరు రాలేదు," అన్నాడాయన.

ఆ సూర్యుడి చెక్క తీసేసి, పాత చెక్కలతోనే ఆ తెల్లవారుజామును పట్టాలని కూర్చున్నాను. మొదటి రోజు మసి వచ్చింది, తర్వాత బురద వచ్చింది. ఇరవై రోజులకి రెండు కాగితాలు కుదిరాయి. కొట్టు యజమాని చూసి, "ఏం, సింధూరం నిండుకుందా?" అన్నాడు. ఒకటి రిన్సెకి తీసుకున్నాడు. రెండోది యాత్రికులతో మసూకి పంపాను.

నెల తర్వాత మసూ దగ్గర్నుంచి జాబు వచ్చింది. "గోడకి పెట్టాను. మా జాలర్లు చూసి, ముందున్న పడవ నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. ఎడోవాళ్లు మాత్రం ఇది ఈ ఊరే కాదంటున్నారు. ఆ ఎర్రవి ఉంటే పది పంపు, అడుగుతున్నారు."

నోయె పొట్ట పట్టుకుని నవ్వింది. నేను పదీ అచ్చు వేసి పంపాను.