అరగని డిస్కు

ఇంట్లో అందరూ అతన్ని భద్రం అనేవాళ్లు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, తన స్వార్జితం. టీవీ రిమోట్‌కి కవరు తియ్యనివ్వడు. కొత్త చెప్పులు అరుగుతాయని పాతవే ఈడ్చుకుంటూ తిరుగుతాడు. అలాంటివాడు కొత్త కంప్యూటర్ కొని, అందులో ఉండే ఎస్‌ఎస్‌డీ అనే డిస్కు మీద రాసేకొద్దీ అది అరిగిపోతుందని ఎక్కడో చదివాడు. ఇక చూసుకోండి! దానంతటదే సేవ్ అయ్యే ఏర్పాట్లన్నీ ఆపేసి కూర్చున్నాడు.

అంతలో అమ్మ గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి ఢోకా లేదు గానీ మాట పోతుందన్నారు డాక్టర్లు. ముందే ఆమె గొంతు రికార్డు చేసి ఇస్తే, టైపు చేసిన మాటల్ని ఆ గొంతుతోనే పలికే యంత్రం తయారుచేయిస్తామన్నారు.

భద్రం అమ్మని మైకు ముందు కూర్చోబెట్టాడు. ఆవిడ కథలు చెప్పింది, కోడల్ని దెప్పింది, మనవరాలి మీద ఉత్తుత్తి కోపంతో కేకలేసింది. గొంతు బొంగురుపోతున్నా ఆపలేదు.

"సేవ్ చేస్తున్నారా?" అని భార్య రోజూ అడిగేది.

"మాటిమాటికీ రాస్తే డిస్కు అరుగుతుందే. అంతా అయ్యాక ఒక్కసారే చేస్తా. కంప్యూటర్ ఆపట్లేదుగా, మెమరీలోనే ఉంటుంది."

"మీ జాగ్రత్త మండిపోను!"

ఉన్నట్టుండి అమ్మకి ఊపిరాడలేదు. అందరూ ఆస్పత్రికి పరుగెత్తారు. ఆపరేషన్ ఆ పూటే అయిపోయింది. భద్రం ఇంటికొచ్చేసరికి కరెంటు పోయి వచ్చి ఉంది. కంప్యూటర్ వేసి చూస్తే అమ్మ మాట ఒక్కటీ లేదు. గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు డిస్కు పరిస్థితి చెప్పే ప్రోగ్రాం నడిపాడు. తొంభై తొమ్మిది శాతం బాగుందంది. ఇళ్లల్లో మామూలు వాడకానికి అది అరిగేలోపు కంప్యూటరే పాతబడి మూలకి చేరుతుందట. ఆ ముక్క మొదట చదివిన వ్యాసంలోనే ఉంది, కాస్త కింద. అయ్యగారు అంతదాకా చదవలేదు.

కొన్నాళ్లకి యంత్రం వచ్చింది. అందులో ముక్కూమొహం తెలియని అమ్మాయి గొంతు పెట్టారు. భద్రం అమ్మ పక్కన కూర్చుని, తలెత్తకుండా జరిగిందంతా చెప్పాడు. అమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది.

"పోనీలే నాన్నా, ఏడవకు," అంది ఆ పరాయి గొంతు. "డిస్కుకి ఏం కాలేదు కదా?"