సాక్షి సంతకం

కూతురు పళ్లెంలో వదిలేసి వెళ్లిన రొట్టె అంచుల్ని అలవాటు చొప్పున నోట్లో వేసుకోబోయి, గుర్తొచ్చి త్రాసు మీద పెట్టిందామె. పద్నాలుగు గ్రాములు. పుస్తకంలో రాసుకుంది, తర్వాత తింది. ఎలా ఉందని అడిగితే మాత్రం చెప్పలేకపోయేది. నయం, ఆ పుస్తకంలో రుచికి గడి లేదు. ఎక్కడ తిన్నారు అన్న గడి ఉంది. అందులో మూడు రోజులుగా రాస్తున్నట్టే ‘వంటగట్టు దగ్గర, నిలబడి’ అని రాసి, గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

ముప్పై తొమ్మిదేళ్లకి ఎమ్మెస్సీలో చేరింది, మానవ పోషణ, జీవక్రియలు. క్లాసులో అందరూ అక్కా అంటారు. ఇంటికెవరొచ్చినా భర్త, “మా ఆవిడ అన్నం తినడంలో డిగ్రీ చేస్తోంది” అని పరిచయం చేస్తాడు. ఏడాదిగా అదే జోకు, ఏడాదిగా అదే నవ్వు. ఆ ఏడాదిలో ఆమె ఆరు కిలోలు తగ్గింది. చదువు నీకు బాగా కలిసొచ్చింది, సన్నబడ్డావు అని మెచ్చుకున్నాడు కూడా.

ప్రాక్టికల్‌లో ఎవరి తిండి వాళ్లు మూడు రోజులు తూచి రాయాలి. మొదటిసారి రాసిచ్చింది మేడం తిప్పి పంపేశారు. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా ఈ ఒంటికి పదమూడు వందల కేలరీలు కావాలి కదా, తొమ్మిది వందలతో ఎలా తిరుగుతున్నావమ్మా, తిన్నది దాచడం అందరూ చేసే పనేలే అని, కోప్పడకుండానే చెప్పారు. మళ్లీ రాయాలి. ఈసారి ఇంట్లో పెద్దవాళ్లొకరు కళ్లారా చూశామని సంతకం పెట్టాలి. సోమవారానికి ఇవ్వకపోతే మార్కుల్లేవు, మార్కుల్లేకపోతే పై సెమిస్టర్ లేదు. ఒక్క సబ్జెక్టు తప్పినా చదువు కట్టిపెట్టాలన్నది మొదట్లోనే భర్తతో అయిన ఒప్పందం. అది ఒప్పందమని ఆయన అన్నాడు. ఆమె తలూపింది.

మళ్లీ రాసింది. ఉప్పు సరిపోయిందో లేదో చూసిన కూర ఆరు గ్రాములు. అత్తగారు మీగడ కట్టిందని పక్కకి నెట్టిన పాలు సగం గ్లాసు. గిన్నె అడుగున మాడిన అన్నం. ఇంట్లో మిగతావాళ్లు ఎంత తింటారో త్రాసు లేకుండా చెప్పగలదు. భర్తకి గుడ్లు రెండు, పచ్చసొన గట్టిపడకూడదు. అత్తగారికి చక్కెర లేకుండా. తనది మాత్రం తూస్తే గానీ తెలియలేదు. మొత్తం కూడితే రోజుకి మళ్లీ అదే తొమ్మిది వందల చిల్లర. ఏమీ దాచలేదు.

ఇవాళే సోమవారం. చేతులు తుడుచుకుని ముందు అత్తగారి దగ్గరికి పట్టుకెళ్లింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మూడు పేజీలూ చదివింది, చదివి పుస్తకం మూసేసింది.

“నలుగురూ చూస్తే నిన్ను మాడుస్తున్నామనుకోరూ? ఈ ఇంట్లో నిన్ను తినొద్దన్నదెవరే?”

ఎవరూ అనలేదు. బాగా ఆలోచించి చూసింది, నిజంగానే ఎవరూ అనలేదు. ఎవరైనా అనుంటే ఆ మాట పట్టుకుని కోపమన్నా తెచ్చుకునేది. ఇది కోపం రావాల్సిన చోటని తెలుస్తూనే ఉంది గానీ లోపల ఏమీ కదల్లేదు. భర్త చొక్కా తీసి ఇస్త్రీ చేస్తూ, పుస్తకం ఆయన చేతికిచ్చింది.

ఆయనది సంతకాల ఉద్యోగం. తను చూడని కాగితం మీద చెయ్యి పెట్టడని ఆఫీసులో పేరు. రెండు పేజీలు తిప్పాడు.

“ఇంత తలనొప్పెందుకు? నా తిండి రాసేయ్. అందరం తినేది ఒకే వంట కదా, తేడా ఏముంది? అలా రాస్తే ఇప్పుడే సంతకం పెడతా.”

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆమె కొత్త పేజీ తీసింది. గుడ్లు రెండు అని రాసింది కూడా. ఇంకో పది వరుసలు రాస్తే గండం గట్టెక్కుతుంది. అయితే ఎందుకో పెన్ను ఆపి, దెబ్బలాటకి కాదు, ఊరికే తెలుసుకుందామని అడిగింది, ముందు రాసినదాని మీదే సంతకం పెట్టొచ్చు కదా అని.

“అదెలా పెడతాను? నువ్వేం తింటావో నేనెప్పుడు చూశాను? పెళ్లయి పద్నాలుగేళ్లలో ఒక్కసారి చూసుంటే ఒట్టు.” నవ్వుతూ చొక్కా కోసం చెయ్యి చాచాడు.

చొక్కా రెండో చెయ్యి ఇంకా ముడతలుగానే ఉంది. ఆమె చొక్కా అలాగే ఇచ్చేసి, స్విచ్ కట్టేసి, పుస్తకం సంచిలో పెట్టుకుంది.

మేడం గది ముందు వరుసలో నిలబడ్డప్పుడు ఆకలేసింది. ఏమిటిదని ముందు అర్థం కాలేదు, కడుపులో నొప్పేమో అనుకుంది. తర్వాత పోల్చుకుంది. మార్కులు పోతే పోతాయి, వచ్చే ఏడు మళ్లీ రాస్తుంది. అప్పుడు ఒప్పందం మాటెత్తితే తలూపదు. గుడ్లు రాసిన పేజీ చించేసింది. తన తిండి రాసిన పేజీ కింద సంతకం పెట్టింది. సాక్షి అని ఉన్న గడిలో, తప్పులేకుండా, నిదానంగా రాసింది: ‘పద్నాలుగేళ్లుగా ఎవరూ చూడలేదు.’