ఒక తప్పు, నలభై రెండు హెచ్చరికలు

కంప్యూటర్ నాకు అబద్ధం చెప్పలేదు. ఈ ముక్క విచారణకు వచ్చిన అధికారికి చెప్పలేకపోయాను. ఇక్కడైనా చెప్పుకుంటాను. అది ఉన్నదున్నట్టు చెప్పింది, కాగితం మీద అచ్చు వేసి మరీ చెప్పింది.

అది తొంభైమూడో సంవత్సరం. శ్రీరాంపూర్ అవతల మా బొగ్గుబావి ఆఫీసులో చల్లగా ఉండే గది ఒక్కటే, కంప్యూటర్ గది. అందులో ప్రోగ్రాములు రాసేవాణ్ని నేను. మా ఎల్లక్క భర్త ఇస్తారి బావ అదే బావి కింద పంపు నడిపేవాడు. బాపు పోయాక ఫీజులు కట్టి నన్ను చదివించింది ఆయనే.

పంపు గదికి పోయే దారి మధ్యలో పల్లం ఉంది. అక్కడ నీళ్లు నిండితే లోపలి మనిషి లోపలే. అందుకని బావ అరగంటకోసారి పల్లం దాకా నడిచొచ్చి, గోడ మీద సుద్దతో గీసిన గీతలు చూసి పోయేవాడు. మోకాళ్లు అరిగిపోయి కుంటుతూనే నడిచేవాడు. అది చూడలేకే నేను ఆ ప్రోగ్రాం రాశాను. నీళ్లు తగిలితే కంప్యూటర్‌కు తెలిసేలా ప్రతి గీత దగ్గరా తీగ బిగించాం. నీళ్లు మొదటి గీతకు వస్తే పైన మా గదిలో ఒక దీపం, రెండో గీతకు ఇంకో దీపం వెలుగుతాయి. మూడో గీతకు వస్తే పంపు గదిలోనూ బావి మీదా గంట మోగాలి.

లిస్ప్ అనే భాషలో రాశాను. అందులో ఎటు చూసినా బ్రాకెట్లే. మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్, మారుస్తూ మారుస్తూ తనకు తేడాగా కనిపించినవి చెబుతుంది. అనుమానమైతే హెచ్చరిక అంటుంది, ఖాయమైతే తప్పు అంటుంది. ఆ రోజు నాలుగు పేజీలు అచ్చు వేసి, చివర ఇలా ముగించింది: ఒక తప్పు, నలభై రెండు హెచ్చరికలు. దాని కిందే, ఫైలు తయారైంది.

నా పక్క బల్ల దగ్గర టైపు చేసే రాధాబాయి ఆ కాగితం పట్టుకొచ్చింది.

"సార్, గీడ తప్పు అని వచ్చింది. జర చూడుండ్రి."

"ఫికర్ చెయ్యకమ్మా. నిజంగ తప్పయితే ఫైలే తయారుగాదు గద" అన్నాను.

ఎందుకన్నానంటే నేను బావి మనిషిని. బావిలో పని చూసే ఓవర్‌మన్ ప్రతి షిఫ్టుకూ పుస్తకం రాస్తాడు. పైకప్పు చూసుకోండి, గాలి తక్కువగా ఉంది అని రోజూ రాసేవే. తరువాతివాడు కింద సంతకం పెట్టి పనిలోకి దిగుతాడు. నిజంగా ప్రాణం మీదికి వస్తే 'బంద్' అని రాస్తాడు, పని ఆగుతుంది. ఆగలేదంటే ప్రమాదం లేదని చిన్నప్పటి నుంచీ నా బుర్రలో నాటుకుపోయింది. ఈ కంపైలర్ ఆగే రకం కాదు. తప్పున్న ముక్కను తీసి పక్కన పెట్టి, ఆ చోట 'ఇక్కడికి వస్తే ఆగిపో' అని ఒక మాట ఇరికించి, మిగతాదంతా తయారుచేసి చేతిలో పెడుతుంది. ఆ ముక్క దాకా పోనంత కాలం అంతా సాఫీగా నడుస్తుంది. నేను నాలుగు పేజీలు తిప్పి చూసి ఉంటే తెలిసేది, ఆ ముక్క గంటదేనని రెండో పేజీలోనే ఉంది.

పరీక్ష రోజు మొదటి రెండు దీపాలు చక్కగా వెలిగాయి. మూడో గీతకు మేనేజర్ సీతారాంరావు సార్ ఒప్పుకోలేదు.

"ఒద్దయ్యా. గా గంట కొడితె ఎవడో సచ్చిండని కాలనీల ఆడోళ్లంత బావి మీదికి ఉరికొస్తరు. ఉత్తగ వాళ్లను ఏడిపియ్యకు."

నాకూ సబబుగానే తోచింది. ఆ సాయంత్రమే బావకు చెప్పాను.

"ఇగ నువ్వు పోయి చూసుడు బంద్ వెట్టు బావా. గంట మోగుతది."

"నీ మిషిన్ నిద్ర వోదు గద బామ్మర్దీ?" అని నవ్వాడు.

"పోదు బావా."

పదకొండు రోజులు మిషిన్ నిద్ర పోలేదు. పన్నెండో రోజు ముసురు. పగటి షిఫ్టులో, పక్కన మూసేసిన పాత బావి నీళ్లు ఒక్కసారిగా తోసుకొచ్చాయి. మేము అన్నం తిని గదిలోకి వచ్చేసరికి రెండు దీపాలూ వెలుగుతున్నాయి. తెర మీద ఒకే ఒక్క వరుస ఉంది. ప్రోగ్రాం ఆ ముక్క దగ్గర ఆగిపోయింది, గంట మోగలేదు.

నీళ్లు తోడడానికి రెండు రోజులు పట్టింది. బావ పంపు గదిలో, గోడకు బిగించిన గంట కిందే దొరికాడు.

విచారణలో వానదే తప్పని రాశారు. రాధాబాయి ఆ నాలుగు పేజీలూ ఎవరికీ చూపకుండా నా చేతిలో పెట్టింది. "మీ ఇష్టం సార్" అంది. నేను వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాను. అంత పిరికివాణ్ని. బావ పోయిన తొమ్మిదో రోజు మాత్రం ఉండబట్టలేక అక్క ముందు విప్పాను.

"గండ్ల ఏం రాసున్నది?"

"తప్పున్నదని అక్కా. ఏ వరుసల ఉన్నదో గూడ రాసింది."

"ఎప్పుడు రాసింది?"

"బావ పోవుడుకు పన్నెండు దినాల ముంగటనే."

అక్క ఏడవలేదు. కాగితాలు మళ్లీ మడతపెట్టి నాకే ఇచ్చింది.

"ఆయనకు ఒక్కమాట జెప్తే ఎప్పటిలెక్క పోయి చూసుకునేటోడు గద తమ్మీ."

తప్పు దిద్దడానికి నాకు పది నిమిషాలు పట్టలేదు. ఒక బ్రాకెట్ చోటు మార్చాను, అంతే. ఈసారి మూడో గీత కూడా పరీక్షించమని మేనేజరే అన్నాడు. గంట మోగింది. కాలనీ ఆడవాళ్లంతా చేతిలో పని చేతిలోనే వదిలేసి, పిల్లలను చంకనేసుకొని, పేర్లు పెట్టి పిలుస్తూ బావి మీదికి ఉరికి వచ్చారు. ఉత్తుత్తిదే, పరీక్ష అని ఒక్కొక్కరికీ చెప్పి పంపాను.

అక్క రాలేదు. ఆ గంట విని ఉరికి రావలసిన పని ఆమెకు ఇక లేదు.