ఎక్కడికని అడిగిన డ్రైవరు

ఖతర్‌లో, మదీనత్ ఖలీఫా పేటలోని మా గేటు ముందు వ్యాను ఆగేసరికి నేను సంచీ పట్టుకుని సిద్ధంగానే ఉన్నాను. పెద్దవాళ్ళను ఆసుపత్రులకు తీసుకెళ్ళడానికి ఇక్కడి తెలుగువాళ్ళు కొందరు కలిసి ఉచితంగా నడుపుతున్న వ్యాను అది. మా అమ్మాయి తన్మయి ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి వస్తానంది. నా కుడికంటికి శుక్లం ఆపరేషను. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించాను. ఈసారీ రాకపోతే ఉన్న కాస్త చూపూ దక్కదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

మెట్టు మీద కాలు పెట్టానో లేదో, డ్రైవరు గజేందర్ అడిగాడు.

"ఏడికి పోవాలె అమ్మా?"

పెట్టిన కాలు తీసేశాను. ఒళ్ళు మండిపోయింది.

"శుభమా అని బయల్దేరుతుంటే ఎక్కడికని అడుగుతారుటయ్యా? మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరూ?"

"దావఖానలు రెండున్నయమ్మా. ఏదని అడిగిన."

"అడిగావుగా, ఇంకేముంది."

విసురుగా లోపలికి వచ్చి సోఫాలో కూలబడ్డాను. ఎవరైనా ఇలా అడిగితే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరడం మా ఇంటి ఆనవాయితీ. తాగాను. ఇంకో గ్లాసు కూడా తాగాను. పది నిమిషాలయినా లేవలేదు. మొదటి వాయిదాకి ఎవరిదో తుమ్ము వంక, రెండోదానికి అమావాస్య. నిజం చెప్పొద్దూ, అతను అలా అడగ్గానే నాకు ప్రాణం లేచొచ్చింది.

గజేందర్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరి వాడట. కంపెనీ బస్సు నడుపుతాడు, సెలవు రోజున ఈ వ్యాను తోలుతాడు. తప్పయిందంటాడేమో, నాలుగు దులుపుదామని కాచుకున్నాను.

"నేను ఖతర్ వచ్చిననాడు ఇంట్ల నుంచి బస్టాండు దాక నడిచిన. ఎవలన్న ఏడికిరా అని అడుగుతరేమోనని ఒక్కొక్కల మొఖం చూసుకుంట పోయిన. అడిగితే మర్లి ఇంట్లకు పోదామని. ఒక్కలు సుత అడగలే" అన్నాడు.

కన్నకూతురు కనిపెట్టలేనిది ఈ అబ్బాయి కనిపెట్టేశాడు.

"కన్ను కోస్తారంటే భయంగా ఉందయ్యా" అన్నాను. డెబ్బై రెండేళ్ళ వయసులో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఏడ్చేశాను కూడా.

"నాకు సుత భయమైందమ్మా. వచ్చినంక సుత చాన్నాళ్ళు భయమైంది." నా సంచీ అందుకున్నాడు. "మీ బిడ్డ వచ్చేదాక నేను మీ పక్కనే కూసుంట."

కళ్ళు తుడుచుకుని లేచాను.