తనిఖీకి వెళ్లిన మిషన్

తనిఖీ వస్తోందంటే చాలు, అంబులెన్సుల మధ్య ఎక్కడలేని స్నేహం పుట్టుకొస్తుంది. పెళ్లిచూపులకు పక్కింటి గొలుసు అరువు తెచ్చుకున్నట్టు, ఒక బండిలో లేని సామాను ఇంకో బండి నుంచి దిగుతుంది. అధికారి చూసి తలాడించి వెళ్లగానే ఎవరిది వాళ్లకు చేరుతుంది. పాడైనవాటిని బాగుచేయించాలన్న ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే, ఇన్నాళ్లూ నోరెందుకు మూసుకున్నావంటూ ఎత్తినవాళ్ల మెడకే చుడతారు.

కాణిపాకం రోడ్డు మీద నిలబడే బండిలో రోగులను చూసుకునే కృపారాణికి ఇదంతా కొత్త కాదు. పోయినసారి ఆమె బండి గట్టెక్కింది చిత్తూరు బండివాళ్లు ఇచ్చిన స్ట్రెచర్‌తోనే. అందుకే ఆ ఉదయం సూపర్‌వైజర్ చక్రధర్ ఫోన్ చేసి సక్షన్ మిషన్ అడిగితే కాదనలేకపోయింది. స్పృహ లేనివాళ్ల గొంతుకు అడ్డుపడే రక్తాన్ని, వాంతిని బయటికి లాగేసే మిషన్ అది. చిత్తూరు బండిలోది చెడిపోయి చాలాకాలమైంది.

"మధ్యలో కేసొస్తే ఎట్ల సార్?"

"వస్తే సూద్దాంలేమ్మా. మధ్యాన్నానికంతా నీ మిషన్ నీకాడుంటాది."

బైకు మీద వచ్చిన మనిషి దాన్ని పట్టుకుపోయాడు. అతను వెళ్లిన కాసేపటికే కేసు రానే వచ్చింది.

మామిడితోటలో కాయలు కోస్తుంటే కొమ్మ విరిగి వెంకటముని అనే కూలీ కింద పడ్డాడు. బండి వెళ్లేసరికి అతనికి స్పృహ లేదు. తల పగిలింది, నోటినిండా రక్తం, ఊపిరి గురగురలాడుతోంది. మెడకు పట్టీ వేసి, పలక మీద కట్టి బండెక్కించారు. భార్య మునిరత్నమ్మ అతని కాళ్లు పట్టుకుని కూర్చుంది. డ్రైవరు మునిశేఖర్ సైరన్ వేసి చిత్తూరు దారి పట్టించాడు.

కృపారాణి పలకను పక్కకు వంచి, వేలికి గుడ్డ చుట్టి నోట్లోని రక్తం తీస్తోంది. తీసేకొద్దీ ఊరుతోంది. ఆక్సిజన్ పెట్టింది గానీ, దారే మూసుకుపోయాక లోపలికెలా పోతుంది? మిషన్ ఉండాల్సిన చోట ఖాళీ బెల్టు ఊగుతోంది.

"నెత్తురు పీకే మిషన్ ఒకటుంటాది కదా తల్లీ, మా మరిదికి పెట్టినారు. అది యాడుండాది?" అంది మునిరత్నమ్మ.

"చిత్తూర్లో ఉండాదమ్మా. తెప్పిస్తా" అని కృపారాణి చక్రధర్‌కు ఫోన్ చేసింది. మిషన్ తీసుకుని దారికి ఎదురు రమ్మంది.

అతను గొంతు తగ్గించాడు. "ఆఫీసరు తనిఖీకి ఇప్పుడే బండెక్కినాడమ్మా. ఆయన ముందర పీకితే అందరి కొంపలూ మునిగిపోతాయి. పది నిమిషాలు ఓర్చుకో."

"ఓర్చుకోవాల్సింది నేను కాదు సార్."

అటువైపు ఫోన్ పెట్టేశారు.

ఆ పది నిమిషాలు ఓర్చుకోవడం వెంకటముని వల్ల కాలేదు. చిత్తూరు పొలిమేరలో గురగుర ఆగిపోయింది. ఆసుపత్రి దాకా కృపారాణి అతని గుండె మీద అదుముతూనే ఉంది. అక్కడ డాక్టరు చూసి, ఇక ఆపమన్నాడు.

ఆమె వరండాలోకి వచ్చి నిలబడింది. చక్రధర్ మీద కోపంతో ఒళ్లు మండిపోతోంది. పొద్దున ఆ బెల్టు విప్పిన తన చేతుల మీద అంతకంటే ఎక్కువ కోపంగా ఉంది.

అంతలో పొద్దున మిషన్ పట్టుకుపోయిన మనిషి బైకు మీద వచ్చి ఆగాడు. మిషన్‌ను తుడిచి తళతళలాడించారు, పైన కుంకుమబొట్టు కూడా పెట్టారు.

"బాగా పనిచేస్తాండాదని ఆఫీసరు మెచ్చుకున్నాడక్కా" అని చెప్పి, దాన్ని ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు అతను.

లోపలినుంచి వచ్చిన మునిరత్నమ్మ మిషన్‌ను చూసి ఆగిపోయింది. దగ్గరికొచ్చి, ఇంకా నెత్తురు ఆరని కృపారాణి చేతులు పట్టుకుంది.

"చెప్పినట్టే తెప్పించినావు తల్లీ. మాలాంటోళ్ల కోసరం ఎవురు ఇంత పాటు పడతారు? మా ఇంటాయనకే రాత లేదు. నీ కడుపు సల్లగుండ."

కృపారాణి నోరు తెరిచింది. నిజం చెప్పాలనే తెరిచింది.

"అవునమ్మా, కొంచెం ఆలస్యమైంది" అంది.