హన్నమ్మ అరుపు

ఎసరు పెట్టి, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి చర్చి డబ్బాలో వేయాలి. ఇది మా అత్తింటి పద్ధతి. అలా ఇంటింటా ఆడవాళ్లు తీసిపెట్టిన బియ్యాన్ని ఆదివారం ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. "ఏమ్మా, చదువు పెరిగేకొద్దీ నీ పిడికిలి చిన్నదైతాందే" అంటాడు మా మామ జకరయ్య. మా ఆయన ఇమ్మానుయేలు పేపరు చాటున నవ్వుతాడు. నాకు ఒళ్లు మండుతుంది. మూత పెట్టి కూర తరుగుతాను.

నంద్యాలలో చర్చి వాళ్లు నడిపే కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పిహెచ్‌డీ మొదలుపెట్టి ఆరేళ్లయింది. బ్యాంకులు ఎందుకు కూలతాయన్నది నా పరిశోధన. నిక్షేపంగా ఉన్న బ్యాంకు కూడా, డబ్బు దాచుకున్నవాళ్లంతా ఒకే రోజు వచ్చి నిలబడితే నిలవదు. ఒకరి భయం చూసి ఇంకొకరు భయపడతారు. ఎక్కడో ఒక నోరు లేస్తే చాలు. దీని మీద దేశదేశాల వాళ్లు రాసినదంతా చదివాను, పిల్లల జడలు వేస్తూ, మామకు వేడినీళ్లు కాస్తూ, అందరి కంచాలూ ఎత్తాక మంచం చివర ఒదిగి కూర్చుని. మా ఆయన తన తోటి టీచర్లకు నన్ను చూపించి, "మా ఆమె బ్యాంకుల మీద రీసెర్చి చేస్తాంది. ఇంట్లో ఉప్పు ఎప్పుడైపోతాదో మాత్రం తెలీదు" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. టీ గ్లాసులు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మీ ప్రాంతంలో కూలిన బ్యాంకు ఒకటి తీసుకోమన్నారు మా గైడ్. వెతకాల్సిన పనే లేదు. మామ సొంతూరు ఆళ్లగడ్డలో చర్చి పెద్దలు నడిపిన పొదుపు బ్యాంకు డెబ్బై తొమ్మిదిలో మూతపడింది. దానికి ప్రెసిడెంటు మామే. బియ్యం వేలం డబ్బూ అందులోనే ఉండేది. అది ఎలా పోయిందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. హన్నమ్మ అనే కూలి మనిషి బ్యాంకు వాకిట్లో నిలబడి తన డబ్బు కోసం అరిచిందట, అది విని జనం ఎగబడ్డారట, బ్యాంకు పోయిందట. ఆ తప్పుకు పెద్దలు ఆమెను చర్చిలో ప్రభు భోజనం, ఆ రొట్టే ద్రాక్షరసమూ తీసుకోకుండా ఆపేశారు. ఇప్పటికి ఎనిమిదేళ్లయినా ఆ శిక్ష ఎత్తేయలేదు. "ఒక్క ఆడదాని నోరు బ్యాంకును మింగింది" అంటాడు మామ.

హన్నమ్మను చూడడానికి ఆళ్లగడ్డ పోయాను. శిల్పాలు చెక్కే కొట్టాల వెనక ఇల్లు. ఉలి చప్పుడులో ఆమె మాట సరిగా వినబడక దగ్గరికి జరిగి కూర్చున్నాను.

"అర్సినా. అర్సలేదని యాడ చెప్పినా?" అంది. "మా పిల్లకు కాన్పు అడ్డం తిరిగింది. కర్నూలు ఆస్పత్రికి తీస్కపోవల్ల. నా దుడ్లు నాకియ్యండంటే రేపు రా అన్న్యారు. మళ్లా పోతే మళ్లా రేపన్న్యారు. పిల్ల ఆడ పాణం పోతాంటే నాకు రేపేందమ్మా?"

"మీ అమ్మాయి..." అన్నాను.

"లేదు" అని చాటలో వడ్లు చెరగడం మొదలుపెట్టింది.

ఆ పిల్ల సంగతి మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఎత్తలేదు. ఆ పూట అన్నం వడ్డిస్తూ మామను ఊరికే అడిగినట్టు అడిగాను, హన్నమ్మ రాకముందు బ్యాంకు బాగానే ఉండిందా అని. ఆయనకు నా చదువు ముందు తన తెలివి చూపించుకోవాలనిపించినట్టుంది. "బాగా యాడుండింది? మునిగేది మేం పెద్దోళ్లం ముందే కనిపెట్న్యాం. గమ్మున మా దుడ్లు మేం తీస్కున్యాం. నంద్యాల్లో ఈ ఇల్లు ఎట్లా కొన్న్యామనుకున్యావ్? నువ్వు ఇప్పుడు చదివేది నేను అప్పుడే చేసినా" అని నవ్వి, మజ్జిగ పోయమన్నాడు. పోశాను. బియ్యం డబ్బును మాత్రం తీయకుండా బ్యాంకులోనే వదిలేశారట. తీస్తే ఆడోళ్లకు తెలిసిపోతుందట.

హన్నమ్మ అరిచేనాటికే పెట్టె ఖాళీ. పెద్దలకు ముట్టింది మిగతావాళ్లు దాచుకున్న డబ్బే. ఆడవాళ్ల పిడికెళ్లు మా గోడలయ్యాయి. ఇది రాస్తానని మా ఆయనతో చెప్పాను.

"పిచ్చి పట్టిందా? నాయన పేరు ఊర్లో తీస్తావా?"

"మరి ఏం రాయమంటారు?"

"అందరికీ తెలిసిందే రాయి. హన్నమ్మ అర్సింది, జనం ఎగబడ్న్యారు. నీ థియరీకి అదే గదా సరిపోయేది?"

నిజమే, సరిగ్గా సరిపోతుంది. గైడ్ మెచ్చుకుంటారు, డిగ్రీ వస్తుంది. అదే నన్ను చంపుతోంది. "వేరే మాదిరి రాస్తే థీసిస్ ఇచ్చేదానికి కాలేజీ నుంచి పర్మిషన్ రాదు. కాలేజీ కమిటీలో అందరూ నాయన స్నేహితులే" అన్నాడు. లైటు ఆర్పేసి అటు తిరిగి పడుకున్నాడు. ఆరేళ్ల కష్టం ఇంత సులువుగా ఆయన చేతిలోకి పోయిందని ఏడుపొచ్చింది.

నెల మొదటి ఆదివారం ఆళ్లగడ్డ చర్చికి పోయాం. అక్కడ ఇప్పటికీ పెద్ద కాబట్టి ప్రభు భోజనం వేళ మామ వరుసల మధ్య నిలబడి ఒక్కో వరుసనూ లేపుతున్నాడు. హన్నమ్మ ఎప్పటిలాగే వెనక వాకిలి పక్కన కూర్చుని ఉంది. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. "వద్దమ్మా, నిన్ను గూడా ఆపేస్తారు" అని నన్ను తోసింది. "లెయ్యమ్మా, మీ వరసే" అన్నాడు మామ దగ్గరికొచ్చి.

లేచి నిలబడ్డాను, గొంతు నాకే కొత్తగా వినిపించింది. "బ్యాంకు మునుగుతాదని తెలిసి ముందే తీస్కున్న దుడ్లతో మీరు కొన్న ఇంట్లో ఉంటాండా మామా. నేను రావొచ్చు గానీ హన్నమ్మ రాగూడదా?"

చర్చి అంతా వింది. ఇమ్మానుయేలు తల దించుకున్నాడు. బియ్యం సంచులు పక్కన పెట్టుకున్న ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. వాళ్ల డబ్బే అది. ఎవరైనా ఒక్కరు ఆగుతారని, ఒక్కరైనా అడుగుతారని చూశాను. మామ నా వైపు చూడకుండా తర్వాతి వరుస ముందుకు పోయి చెయ్యి ఊపాడు. వాళ్లు లేచారు. కొంగులు తల మీదికి లాక్కుని ముందుకు పోయి మోకాళ్లూనారు. తర్వాత ఇంకో వరుస లేచింది, ఆ తర్వాత మిగతావాళ్లూ. ఎవరో పాట ఎత్తుకున్నారు.

ఒక్క ఆడది అరిస్తే ఏదీ కూలదని రుజువు నా కళ్ల ముందే ఉంది, రాయడానికే నాకు పర్మిషన్ లేదు.