అత్తయ్య జట్టు

"ఆ ప్లగ్గు మీద ఎవరి చెయ్యి పడినా ఊరుకోను," అంది అత్తయ్య మళ్ళీ.

"చెయ్యి వెయ్యనమ్మా. నా మాటైనా చెవిన వేసుకో," అన్నాడు మా ఆయన. పొద్దున కాఫీ దగ్గర మొదలైన గొడవ మధ్యాహ్నానికీ తెగలేదు.

మా ఆయనది టీవీలు, గేమ్ మెషీన్లు బాగుచేసే షాపు. కొత్తది కొనుక్కున్నవాళ్ళు పాతది ఆయనకే వదిలేసి పోతారు. ఆయనకేమో ఫుట్‌బాల్ పిచ్చి. అందుకని ఫుట్‌బాల్ ఆటలన్నీ మా ముందుగదికి చేరాయి. రెండు గీతల మధ్య ఒక చుక్క గెంతే పాతకాలపు రకం నుంచి, ఆటగాడి మెడ మీద చెమట కూడా కనిపించే ఇప్పటి రకం దాకా గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. మనం పైనుంచి చూస్తుంటే చీమల్లా పరుగెత్తేవాళ్ళు, వీధి గోడకి బంతి కొట్టి మళ్ళీ అందుకునేవాళ్ళు, గోల్స్ వేసే రోబోలు, అన్నీ ఉన్నాయి. వాటితో ఒక ప్రదర్శన పెడతామని, వచ్చినవాళ్ళు ముట్టుకుని ఆడుకోవచ్చని లైబ్రరీవాళ్ళు అడిగారు. అప్పటినుంచి ఆయన కాలు నేలమీద నిలవడం లేదు.

అడ్డం పడింది ఒక్క అత్తయ్య మెషీనే. ఆ ఆటలో బంతే కనబడదు. పేర్లు, అంకెలు, అంతే. ఎవరిని ఎక్కడ ఆడించాలో మేనేజరుగా మనం చెబితే, గెలిచామో ఓడామో అక్షరాల్లో వస్తుంది. మామయ్య పోయిన కొత్తలో ఊరికే కూర్చోలేక మొదలుపెట్టింది అత్తయ్య. అట్టడుగు డివిజన్‌లో పడి ఉన్న ఒక జట్టుని పట్టుకుని పెద్ద కప్పు దాకా లాక్కొచ్చింది.

ఆటని గుర్తుంచుకునే బ్యాటరీ, మెషీన్‌లో పెట్టే ఆట క్యాసెట్ లోపల ఎప్పుడో చచ్చిపోయింది. అది మార్చాలంటే క్యాసెట్ బయటికి తీయాలి. తీసినా, కరెంటు ఆగినా జట్టు పోతుంది. అందుకే మా ఇంట్లో ఆ మెషీన్‌ని ఎవరూ ఆపరు. ఇల్లు మారినప్పుడు కూడా యూపీఎస్‌ని కాళ్ళ దగ్గర, మెషీన్‌ని ఒళ్ళో పెట్టుకుని, వ్యాన్‌లో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చింది ఆవిడ. లైబ్రరీకీ అలాగే చేర్చవచ్చు. కానీ అక్కడ సాయంత్రం తాళం వేసేటప్పుడు మెయిన్ ఆపేస్తారు. యూపీఎస్ తెల్లారేదాకా ఆగదు.

"ఇది లేకపోతే ఒక రకం ఆట మొత్తం తగ్గిపోతుంది. చరిత్రకి చిల్లు పడుతుందమ్మా."

"నా జట్టుని తీసుకెళ్ళి నీ చిల్లు పూడుస్తావా?"

అంతలో లైబ్రేరియన్ వచ్చింది, మా అమ్మాయి వయసు పిల్ల. సంగతి విని, "మెషీన్ ఇక్కడే ఉండనివ్వండి మామ్మగారూ. మీరు కప్పు గెలిచిన స్క్రీన్ ఫోటో తీసి, పెద్దది చేసి గోడకి పెడతాం," అంది.

అత్తయ్య మొహం విప్పారింది. జుట్టు సవరించుకుని, ఫోటోలో తను ఉండదని తెలిసీ నిటారుగా కూర్చుంది.

"కప్పు ఎలా కొట్టారు?" అని అడిగింది ఆ పిల్ల.

అత్తయ్య కప్పు సంగతి చెప్పలేదు. మొదటి సీజన్ చెప్పింది. ఉన్న ఒక్క గోల్‌కీపరుకీ మోకాలు విరిగితే డిఫెండర్ని గోల్‌లో నిలబెట్టిందట. "వాడు పొడుగు తప్ప ఎందుకూ కొరగాడు. ఆ పొడుగే మమ్మల్ని నిలబెట్టింది." చెబుతుంటే చేతులు గాల్లో బంతులు పట్టుకుంటున్నాయి. లైబ్రేరియన్ పెన్ను మూసేసి వింటోంది. ఇన్నాళ్ళూ పక్కనే ఉండి ఆవిణ్ణి ఇలా చూడలేదు నేను. ఈవిడ మా అత్తయ్య అని ఎవరికైనా చెప్పాలనిపించింది.

"మరి తర్వాత కప్పులు?"

"అవా... గెలిచాం. మళ్ళీ గెలిచాం," అని ఆగిపోయింది.

లైబ్రేరియన్ తీసిన ఫోటోని ఫోన్‌లో చాలాసేపు చూసింది అత్తయ్య. తిరిగి ఇచ్చేసింది.

రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నాక మా ఆయనే తగ్గాడు. "సరేలేమ్మా, ఫోటోయే పెడదాం."

"ఫోటో వద్దు. మెషీన్ తీసుకెళ్ళు."

మా అమ్మాయి ముద్ద చేతిలోనే ఆగింది. "నీ జట్టో, నానమ్మా?"

"గెలిచింది చాల్లేవే. రేపు ప్లగ్గు నేనే తీస్తాను, మీరెవరూ ముట్టుకోకండి." గొంతు మామూలుగానే ఉంది. "రోజూ అక్కడికి వెళ్ళి కూర్చుంటాను. అడుగున ఉన్న జట్టుని తీసుకుని, వచ్చినవాళ్ళ చేత ఆడిస్తాను. సాయంత్రం పోతే పోతుంది. మర్నాడు ఇంకో జట్టు."

అత్తయ్య కొడుకు వైపు తిరిగింది.

"షాపుకి వెళ్తూ నన్ను అక్కడ దింపు."